గెడ్డ గారి సర్వీసు రికార్డు

విశాఖలో నీళ్లకీ సర్వీసు రూల్సు ఉన్నాయని చాలామందికి తెలియదు. ఫైలు తిరగేస్తే అన్యాయం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది.

ఇప్పుడు ఇన్నర్ హార్బరు ఉన్నచోట ఒకప్పుడు ఉప్పుటేరు, దాని చుట్టూ బాడవ, అంటే పల్లపు చిత్తడి నేల. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మిగతాదంతా బురద, మడ చెట్లు, పీతలు. దాన్నే తవ్వి 1933 అక్టోబరు 7న ఓడరేవుగా తెరిచారు. మామూలు ప్రమోషనా అది? డాల్ఫిన్ నోస్ కొండ ఎటూ కాపలా ఉంది. అదీ చాలదని, అలలు లోపలికి రాకుండా ముఖద్వారం దగ్గర జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచారు. మా సందు మొగలో పాడైన ఆటో ఒకటి అడ్డంగా పడుంటే తీయించమని అర్జీలు పెడుతున్నాం. అక్కడ మాత్రం దాన్ని ఇంజనీరింగ్ అన్నారు.

అదే ఉప్పుటేట్లోకి కొండల మీది నీళ్లు మోసుకొచ్చే గెడ్డల గతి చూడండి. మేఘాద్రిగెడ్డకి రిజర్వాయరు ఉంది కాబట్టి పేరు దక్కింది. మా అపార్ట్‌మెంటు వెనకది మొదట గెడ్డే. లేఔటు పడ్డాక కాలువ అయింది. స్లాబు వేశాక డ్రైను. ఇప్పుడు టిఫిన్ బండి వెనకాల ఖాళీ. ఒక్క మెమో అయినా ఇవ్వకుండా ఇన్ని డిమోషన్లా! పని మాత్రం ఒక్క బిందె తగ్గించలేదు.

పైగా జోరువాన పడ్డప్పుడే సముద్రం పోటు మీదుంటే, లంచ్‌కి కౌంటరు మూసినట్టు, అది గెడ్డ తెచ్చిన నీళ్లు పుచ్చుకోదు. క్యూ వెనక్కి పెరుగుతుంది. చావులమదుం అని ఊళ్లో పేరులోనే మదుం, అంటే నీళ్లు పోయే తూము, పెట్టుకున్న చోట నీళ్లు నిలిచాయని ఆశ్చర్యపోయేవాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఫ్లాటు కొన్నప్పుడు బ్రోకరు "మెరక సార్, మెరక" అన్నాడు. అబద్ధం కాదు. పక్క స్థలంవాళ్లు మట్టి తోలించేదాకా మాది మెరకే.

పోయిన వానల్లో సెల్లారులో మోకాల్లోతు నీళ్లు. తోడాక చూస్తే సెక్రటరీ గారి కారు కింద ఒక పీత, డెక్కలెత్తి నిలబడి ఉంది. ఆయన అప్పటికప్పుడు మీటింగు పెట్టి, స్లాటు లేనివాళ్లు సెల్లారులో ఎలా ఉంటారని నిలదీశారు. అది మనకంటే ముందునించీ ఇక్కడే కాపురం ఉందని నేను వాదించాను. ఓటింగు జరిగేలోపు వాచ్‌మన్ పులుసు పెట్టేశాడు. మినిట్స్‌లో 'సమస్య పరిష్కరించబడినది' అని రాసుకున్నాం.