మేలిముసుగు రెబెక్కా: ఒక సవరణ

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న రెబెక్కా అనే పాలరాతి స్త్రీ విగ్రహం ముసుగును ముఖం మీద విడిగా అతికించిన పలచని రాతి పొర అని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. దాన్ని చెక్కిన ఇటలీ శిల్పి బెంజోని ముఖాన్నీ ముసుగునూ ఒకే రాతిలో మలిచాడు. ముసుగు వెనక ఖాళీయే లేదు. ముక్కు, పెదవుల దగ్గర గుడ్డ చర్మానికి అంటుకున్నట్టు రాయిని నునుపుగా వదిలి, పక్కల సన్నని మడతలు పైకి తేల్చాడు. ఆ మడతల నీడే మన కంటికి పలచని గుడ్డను చూపిస్తుంది. ఎంత గొప్ప ఊహ!

మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనిలో కొమ్మును వేడి చేసి వంచుకోవచ్చు. పాలరాతికి ఆ వెసులుబాటు లేదు, తీసెయ్యడం ఒక్కటే. మొన ఉలితో ముతక పని, పళ్ళ ఉలితో ఆకారం, తర్వాత చదును ఉలి, ఆకురాయి. ఉలిని నిలువుగా పెట్టి కొడితే లోపలి స్ఫటికాలు నలిగి తెల్లమచ్చ పడుతుంది. ఎంత మెరుగు పెట్టినా అది పోదు. అందుకే పైపొర దగ్గరికొచ్చేసరికి ఉలిని ఏటవాలుగా పట్టాలి, దెబ్బ తేలికవ్వాలి. లోతైన మడతలకు బర్మాతో (తిప్పి బెజ్జం వేసే పనిముట్టుతో) వరసగా బెజ్జాలు వేసి, మధ్య గోడలు మెల్లగా తీస్తారు. బొమ్మ చేతివేళ్ళ మధ్య రాతి వంతెనలు చివరిదాకా ఉంచుతారు, ముందే తీస్తే ఉలి అదురుకే వేలు విరుగుతుంది.

ఇంకోమాట, పాలరాతి బొమ్మల్ని చింతపండుతో, నిమ్మకాయతో తోమకండి. పులుపు ఆ నునుపును తినేస్తుంది.