ఎండుచేపల గంప, పసుపు మూట, మధ్యలో బోర్డర్

మా పర్లాకిమిడి బజార్లో పొద్దున్నే "అప్పా, ఇటు రా" అని ఎవరైనా పిలిస్తే, పిలిచింది తెలుగావిడో ఒడియా ఆవిడో ఆ ఒక్క మాటతో చెప్పలేం. మా ఉత్తరాంధ్ర తెలుగులో అక్కని అప్ప అంటాం, ఒడియాలో అపా అన్నా అక్కే. మహేంద్రతనయ అవతల పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా, ఇవతల మేము గజపతి జిల్లా, ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చినప్పుడు మా ఊరు ఇటు పడింది, కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి బళ్ళు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఏడే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ గాయం పెద్దవాళ్ళ మాటల్లో ఇప్పటికీ వినబడుతుంది.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం బోర్డర్ దాటి బేరం చేసే ఆడవాళ్ళ వల్ల రెండు వైపులా శాంతి ఎలా నిలుస్తుందో, వాళ్ళకి ఏ సాయం కావాలో. మా వీధికొచ్చే ఎండుచేపలావిడతో మొదలుపెడతాను. బోర్డర్ అవతల సముద్రం వైపు నుంచి సరుకు తెచ్చి, బస్సు మీద ఒకరోజు ఆటోలో ఒకరోజు కొండ సంతలకి ఎక్కుతుంది, అక్కడ సవర ఆడవాళ్ళకి చేపలు అరువిస్తుంది, పసుపు చేతికొచ్చాక, చింతపండు రాలాక వాళ్ళు సరుకు రూపంలో తీరుస్తారు. ఆవిడకి చదువు రాదు, అందుకని మనవడు ఫోన్‌లో పేర్లకి బదులు బొమ్మలు పెట్టాడు, అనాస బొమ్మ ఒకావిడ, కోడిపుంజు బొమ్మ ఇంకొకావిడ, ఆవిడ ఖాతా పుస్తకం అంతా ఆ బొమ్మలే. 2020 లాక్‌డౌన్‌లో బోర్డర్ దారులు మూసేసినప్పుడు ఆవిడ అరువంతా కొండల మీదే ఉండిపోయింది. పోయిందనే అనుకున్నాం. దారి తెరిచాక వెళ్తే అనాస బొమ్మ ఆవిడ అటక మీద నుంచి పసుపు మూట దించి, "నువ్వు రాకపోతే నాకు సేపలెవలిస్తారే" అందట.

నా లెక్కలో శాంతి అంటే ఈ అరువే. బోర్డర్ అవతల మనకి రావలసింది ఉంటే ఆ దారి మూసెయ్యాలని ఎవరూ కోరుకోరు, ఇచ్చుకోవలసినవాళ్ళూ కోరుకోరు, ఎందుకంటే వచ్చే ఏడు కూడా చేపలు కావాలి కదా.

పైన కొరాపుట్ జిల్లాలో కొటియా గ్రామాల గుంపు చూడండి. ఆ 21 ఊళ్ళు పొట్టంగి బ్లాకువని ఒడిశా అంటుంది, సాలూరు మండలానివని ఆంధ్రా అంటుంది, 1968లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసు 2006 దాకా నడిచినా తెగలేదు, 2021 నవంబర్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి అధికారులతో కమిటీ వేస్తామన్నారు. అక్కడి మనుషుల దగ్గర రెండు వైపుల రేషన్ కార్డులూ ఉన్నాయి. ఇంత గొడవ మధ్యలో కూడా అల్లం, పసుపు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని సాలూరు సంతకి దిగేది ఆ ఊళ్ళ ఆడవాళ్ళే, వాళ్ళని ఏ మీటింగుకైనా పిలిచారా?

ఇది మన దగ్గరే కాదు. కాంగోలో గోమా, రువాండాలో గిసెన్యీ, రెండూ ఆనుకునున్న ఊళ్ళు, దేశాల మధ్య యుద్ధాలు నడిచినా టమాటాలూ కూరగాయలూ మోసుకుంటూ రోజూ ఆ గేటు దాటేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, లంచాలు, వేధింపులు అన్నీ తట్టుకుని. అక్కడ రెండు వైపుల ఆడవాళ్ళని కలిపి సంఘాలు కట్టించారు, తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కూటమి కొమెసా చిన్న వ్యాపారులకి కాగితాలు తగ్గించింది. 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు గోమాని పట్టుకున్నారు కాబట్టి ఆడవాళ్ళ వ్యాపారం ఒక్కటే తుపాకీని ఆపేస్తుందని నేను అనను. కానీ గొడవ సద్దుమణిగాక మళ్ళీ మాట కలిపేది ముందు బేరమే.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. సంతలో మోసం ఉంటే అదే పగ అవుతుంది. మైదానం సాహుకార్లు, మనవాళ్ళే, దొంగ కుంచాలతో కొలిచి, వడ్డీలు గుంజి గిరిజనుల భూములు లాక్కున్నందుకే కదా శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన తిరుగుబాటు రగిలింది, 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు చచ్చిపోయారు. అందుకని ఆడవాళ్ళకి సాయం అంటే నేను మొదట అడిగేది ప్రతి కొండ సంతలో ముద్ర వేసిన కాటా ఒకటి, అందరికీ కనబడేలా, ఎవరైనా వచ్చి మళ్ళీ తూచుకునేలా.

తరవాత బస్సు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు, చాలా మంచి పని, కానీ అది రాష్ట్రం లోపలికే, ఆంధ్రా గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకే, మా వైపు సవర ఆవిడ పాతపట్నంలో ఎక్కినా టికెట్ కొట్టాల్సిందే. ఒడిశా సుభద్ర పథకంలో ఏడాదికి 10,000 ఇస్తున్నారు, అవతలావిడకి అది రాదు. డ్వాక్రా గ్రూపు అటు, మిషన్ శక్తి గ్రూపు ఇటు, ఇద్దరూ ఒకే సంతలో పక్కపక్కనే కూర్చున్నా కలిసి ఒక లోన్ తీసుకోలేరు. రెండు జిల్లాల కలెక్టర్లు కూర్చుని బోర్డర్ సంతలకైనా ఉమ్మడి గ్రూపు, ఉమ్మడి గుర్తింపు కార్డు ఇవ్వొచ్చు, ఆ కార్డు చూపిస్తే గంప సరుకుకి ఆశీలు తీసుకోకూడదు. అడ్డాకులు, కొండచీపుర్లు అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది, రవాణా పర్మిట్ పేరుతో దాన్ని తగ్గించకూడదని 2012 రూల్స్ కూడా చెప్తున్నాయి, చెక్‌పోస్టు గోడ మీద ఆ ముక్క తెలుగులో, ఒడియాలో, సవరలో రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

దయచేసి వీళ్ళని స్టేజీ ఎక్కించి శాంతి బ్యానరు పట్టించొద్దు, ఒక సంతరోజు కూలి పోతుంది. మొన్న ఎండుచేపలావిడని అడిగాను, గవర్నమెంటు ఏమిస్తే బాగుంటుందని. కాసేపు ఆలోచించి, కొండ మీద సంతలో ఆడాళ్ళకి ఒక మరుగుదొడ్డి, వానకి చేప తడవకుండా ఒక రేకుల షెడ్డు అంది, "ఆ సవర పిల్లకి కూడా చోటుండాల" అని కూడా అంది.