నిప్పుతో నడిచే ఫ్రిజ్, పొంగిపోయిన పిండి

మా బావ ఆర్‌వీ కొన్నాడు, అంటే లోపలే కాపురముండగలిగే చక్రాల ఇల్లు. ఎవరో రిటైరైన దంపతులు దేశమంతా తిప్పి తిప్పి ఇక చాలనుకున్న బండిని బేరమాడి తెచ్చాడు. డాలస్ శివార్లలో వాళ్లుండే కాలనీలో ఇలాంటివి ఇంటి ముందు పెట్టుకోనివ్వరు. అందుకని దాన్ని ఊరి బయట స్టోరేజీలో పెట్టి నెలనెలా అద్దె కడుతుంటాడు. "ఇంటికి ఇంటద్దె కట్టే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటుంది అక్క.

ఆ బండిలో పడకలు, స్టవ్వు, సింకు, బాత్రూము అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా బావ మురిసిపోయింది మాత్రం ఫ్రిజ్ చూసి. అది కరెంటుతోనూ నడుస్తుంది, గ్యాస్‌తోనూ నడుస్తుంది.

"గ్యాస్‌తో ఫ్రిజ్ నడవడమేమిట్రా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ బావ వాళ్ల అమ్మ, తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు.

"వెనకాల చిన్న మంట వెలుగుతుందమ్మా. ఆ వేడికి లోపల చల్లబడుతుంది."

ఆవిడ "ఓ, అదా..." అని ఏదో చెప్పబోయారు. బావ చెప్పనిస్తేగా! 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్లు దీన్ని కనిపెట్టిన దగ్గర్నుంచి, ఐన్‌స్టీన్ అంతటివాడు ఇంకొకాయనతో కలిసి ఈ తరహా ఫ్రిజ్ మీదే 1930లో అమెరికా పేటెంటు తీసుకున్న దాకా ఏకబిగిన చెప్పుకుపోయాడు. కంప్రెసర్ లేదు, మోటారు లేదు. అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఒక గొట్టాల చుట్టలో బంధించి ఉంటాయి. కింద వేడి తగిలితే అమ్మోనియా నీళ్లని వదిలేసి ఆవిరిగా పైకి పోతుంది. పైన చల్లారి ద్రవమై ఫ్రిజ్ లోపలి గొట్టంలోకి దిగుతుంది. అక్కడ హైడ్రోజన్ తగలగానే మళ్లీ ఆవిరవుతూ, ఆవిరవడానికి కావలసిన వేడిని మన పాలగిన్నెలోంచీ పెరుగుగిన్నెలోంచీ లాక్కుంటుంది. ఆ తర్వాత నీళ్లలో కలిసి కిందికి జారి, కథ మళ్లీ మొదటికి.

"తిరిగే భాగమే లేనప్పుడు పాడవడానికి ఏముంది చెప్పండి!" అని ముగించాడు.

ఇలాంటి మాటలు బండి పక్కన నిలబడి అనకూడదు. వింటుంది.

మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి ప్రయాణం పెట్టాడు. టెక్సాస్‌లోనే, కానీ డాలస్ నుంచి 550 మైళ్ల పైమాటే. రియో గ్రాండే నది ఒడ్డున క్యాంప్‌గ్రౌండ్, అవతలి గట్టు మెక్సికో. మా సైటుకి కరెంటు కనెక్షన్ లేదు. "అందుకేగా గ్యాస్ ఫ్రిజ్!" అన్నాడు బావ, ఈ రోజు కోసమే పుట్టినట్టు.

నిజం చెప్పుకోవాలి, ముందురోజు పనులు బాగానే చేశాడు. ఈ ఫ్రిజ్‌లు ఇంట్లో ఫ్రిజ్‌ల మాదిరి గంటలో చల్లబడవు, దాదాపు ఒక రోజు పడుతుంది. బండిని ఇంటి ముందుకు తెచ్చి, గరాజ్‌లోంచి వైరు లాగి, రాత్రంతా కరెంటు మీద ఆన్ చేసి ఉంచాడు. పొద్దున థర్మామీటరు పెట్టి చూస్తే 38 ఫారన్‌హీట్, మన లెక్కలో సుమారు 3 డిగ్రీల సెల్సియస్. అక్క దాన్ని నింపింది. రెండు పెద్ద డబ్బాల దోసెల పిండి, తోడేసిన పెరుగు, పాలు, చేపల పులుసు, గోంగూర పచ్చడి, కొత్తిమీర, కరివేపాకు, పిల్లలకి చీజు. పక్కన ఆవకాయ జాడీ కూడా పెట్టబోతే అత్తయ్యగారు లాక్కున్నారు. "ఆవకాయకి ఫ్రిజ్ ఏమిటే, పరువు పోతుంది."

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫ్రిజ్ పైభాగాన ఒక ప్లాస్టిక్ మామిడాకుల తోరణం అంటించారు. వైరు పీకేశారు. ఫ్రిజ్ బటన్ 'ఆటో'లో ఉంది కనక, కరెంటు పోగానే దానంతటదే గ్యాస్‌కి మారుతుంది. మారలేకపోతే 'చెక్' అని ఒక ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగింది కూడా. సరిగ్గా మామిడాకుల వెనక.

దారి పొడుగునా పులిహోర, చేగోడీలు తిన్నాం. రాత్రి ఫోర్ట్ స్టాక్టన్‌లో ఆగి పడుకున్నాం. ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయలేదు. తీస్తే చల్లదనం పోతుందని బావ ఆజ్ఞ! మర్నాడు మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్ చేరేసరికి ఎండ మండిపోతోంది. బండి ఆపి, "అమ్మా, చల్లటి మజ్జిగ తాగుదాం" అంటూ బావ తలుపు గడియ తీశాడు.

తలుపు తనంతట తానే తెరుచుకుంది.

ముందు పైడబ్బా మూత వచ్చింది. దాని వెనకే పిండి, తొందరేమీ లేకుండా, పైఅర నుంచి కిందఅరకి, కిందఅర నుంచి కూరగాయల సొరుగులోకి దిగుతూ వచ్చింది. కొత్తిమీర కట్ట సగం మునిగి ఉంది. చీజు కనపడలేదు. పెరుగు గిన్నె చుట్టూ పచ్చటి నీరు తేలి, పాలు కూడా పెరుగయ్యే ప్రయత్నంలో ఉన్నాయి. పిండి గడప దాటి బావ చెప్పుల మీదికి కారింది. కొత్తబండికి పాలు పొంగించలేదని అక్కకి మనసులో ఉండనే ఉంది. ఆ లోటు పిండి తీర్చింది.

అంతలో కీచుమని సైరన్. బండిలో వాడే గ్యాస్ ప్రొపేన్. అది గాలికంటే బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది, అందుకని ఆ గ్యాస్ అలారం నేలకి జానెడెత్తులో ఉంటుంది. పిల్లలతో సహా అందరం బయటికి దూకాం. బావ ట్యాంకు వాల్వు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, గాలాడాక వాల్వు మళ్లీ తిప్పి, గ్యాస్ గొట్టాల కీళ్లన్నిటికీ సబ్బునీళ్లు రాసి చూశాడు. ఒక్క బుడగ లేదు. ఆ అలారాలు స్ప్రేలకీ, స్పిరిట్ ఆవిరికీ కూడా మోగుతాయట. బాగా పులిసిన పిండి వాసనకి మోగిందని బావ అనుమానం. "నా పిండిని గ్యాస్ అంటారా?" అని అక్క ఆ పూట మాట్లాడలేదు.

తోరణం పీకితే ఎర్ర దీపం కనిపించింది. అక్కడి నుంచి బావ మెకానిక్ అవతారం.

అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. కానీ బావ ఇంటి దగ్గరే వీడియోలు బోలెడు దించుకొచ్చాడు. ఆ వీడియోల్లో మనుషులకి ఎప్పుడూ సరైన స్క్రూడ్రైవరు చేతికందే దూరంలో ఉంటుంది. ఎవరి నెత్తి మీదా అమ్మ, పెళ్లాం, ఆకలేసిన పిల్లలు నిలబడి ఉండరు. ముందు స్టవ్వు వెలిగించాడు, వెలిగింది. అంటే గ్యాస్ ఉంది, గొట్టంలో గాలి ఉంటే అదీ పోయింది. బ్యాటరీ చూశాడు, ఎందుకంటే గ్యాస్ మీద నడిచినా దాని బోర్డుకి 12 వోల్టులు కావాలి. ఉన్నాయి. ఫ్యూజు బాగుంది. ఫ్రిజ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే వెనకాల టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వ చప్పుడు. కాసేపు కొట్టుకుని ఆగిపోవడం. మళ్లీ ఎర్ర దీపం.

"ఒక పాత చిట్కా ఉంది" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. "ఫ్రిజ్‌ని ఊడబీకి తలకిందులుగా కాసేపు నిలబెడితే లోపల ఇరుక్కున్న అమ్మోనియా సర్దుకుంటుందట." చెప్పి నా భుజాల వంక చూశాడు. నేను వెంటనే పిల్లల్ని నది చూపించడానికి తీసుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి పక్క సైటు పెద్దాయన మా బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, చేతిలో టార్చి. గ్యాస్ కట్టేయించి, బయటవైపు జాలీ తలుపు ఊడదీసి, "నీ ఫ్రిజ్‌లో ఎవరో కాపురముంటున్నారు" అన్నాడు. బర్నరు గొట్టం మూతి నిండా సాలెగూడు, దాని మీద చిమ్నీలోంచి రాలిన తుప్పు. ప్రొపేన్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. ఆ కంపంటే సాలీళ్లకి మహా ఇష్టమని ఆర్‌వీల వాళ్ల నమ్మకం. మనిషి ముక్కు మూసుకునే చోట అది సంసారం పెట్టింది. పెద్దాయన గాలిడబ్బాతో ఊది, పాత టూత్‌బ్రష్షుతో తుప్పు దులిపాడు. బావ గుండుసూది తీసుకుని గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రం పొడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. దాన్ని పొడిస్తే రంధ్రం పెద్దదై మంట పాడవుతుందట.

ఆన్ చేశారు. టిక్ టిక్, భుస్. నీలం మంట. బావ దాన్ని వీడియో తీసుకున్నాడు. పెద్దాయనకి టీ, చేగోడీలు. "పొద్దుటిదాకా తలుపు తీయకు" అని చెప్పి వెళ్లిపోయాడు.

పొద్దున తలుపు తీస్తే 66.

మంట ఉంది, చల్లదనం లేదు. బావ ముఖం చూస్తే జాలేసింది. ఐన్‌స్టీన్ పేరు మళ్లీ ఎత్తలేదు.

ఈలోగా పిండి సంగతి తేల్చాలి. ఆ పార్కులో తిండి బయట పారేయకూడదు, వదిలేయకూడదు. జావలీనాలని పందుల్లా కనిపించే జంతువులు గుంపులుగా తిరుగుతుంటాయి, ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. కాబట్టి డబ్బాల్లో మిగిలిన పిండినంతా దోసెలు పోసెయ్యాలని అత్తయ్యగారి తీర్మానం. పులుపు తగ్గడానికి బియ్యప్పిండీ ఉల్లిపాయలూ కలిపి పెనం ఎక్కించారు. నేను పక్కన నిలబడి తింటున్నాను కనక దగ్గర్నుంచి చూశాను. పెనం మీద పోసిన నూనె మధ్యలో నిలవకుండా నెమ్మదిగా కుడివైపు అంచుకి పోయి అక్కడే గుమిగూడుతోంది. దోసె ఒకవైపు మందం, ఒకవైపు పల్చన. ఆవిడ పెనాన్ని తిప్పుతారు, నూనె మళ్లీ కుడివైపుకే.

"ఒరేయ్ నాన్నా, నిన్నట్నుంచి చెప్తున్నా, బండి వాలుగా ఉందిరా."

"పడుకోవడానికి ఇబ్బంది లేదు కదమ్మా."

"నీకు లేదురా, ఫ్రిజ్‌కి ఉంది."

అందరం ఆవిడ వంక చూశాం. ఆవిడ దోసె తిరగేస్తూ, కూర గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పారు. వాళ్ల నాన్నగారు ఏజెన్సీలో ఒక మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. ఊళ్లో కరెంటు లేదు. మందుల కోసం కిరసనాయిలు ఫ్రిజ్ ఉండేది. అడుగున చమురు, వత్తి, పైన చిమ్నీ. వత్తి కత్తిరించి మంట నీలంగా ఉందో లేదో చూడటం చిన్నప్పుడు ఈవిడ పని. ఫ్రిజ్ కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి, లోపలి అరలో నీళ్లగిన్నె ఉంచి, నీళ్లు అంచుకి అన్నివైపులా సమానంగా ఉన్నాయో లేదో వాళ్ల నాన్నగారు ఆదివారం ఆదివారం చూసుకునేవారట. గచ్చు కాస్త కుంగినా మందులు వెచ్చబడేవట.

"మరి ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"స్వీడన్ కుర్రాళ్లు మధ్యలో వచ్చార్రా."

బావ యూజర్ మాన్యువల్ తీశాడు. మొదట్లోనే ఉంది, ఎవరూ చదవని చోట. పక్కకి 3 డిగ్రీలు, ముందువెనకలకి 6 డిగ్రీలు మించి వాలకూడదని. పంపు లేని యంత్రం కదా, ద్రవం కిందికి జారాలంటే భూమ్యాకర్షణే దిక్కు. వాలితే గొట్టంలో ఒక మూల నిలిచిపోతుంది, కింద వేడి మాత్రం తగులుతూనే ఉంటుంది. అలా ఎక్కువకాలం నడిపితే తుప్పు పట్టకుండా కలిపిన రసాయనం గడ్డకట్టి గొట్టాలు శాశ్వతంగా మూసుకుపోతాయి. కొత్తది కొనాలంటే వేల డాలర్లు. ఆ వాక్యం అక్క పైకి చదివింది. వెంటనే ఫ్రిజ్ ఆపేశారు. ఫోన్లో లెవెల్ చూస్తే పక్కకి 5 డిగ్రీలు.

స్టోరేజీ అరలో, కవరు కూడా చింపని పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మెలు దొరికాయి. బండితో పాటు వచ్చినవే. పిల్లల బొమ్మలేమో అనుకున్నాడట. కుడివైపు టైర్ల కింద వాటిని పేర్చి బావ స్టీరింగ్ పట్టాడు. అత్తయ్యగారు లోపల ఫ్రీజరు ముందు కుర్చీ వేసుకుని నీళ్లగిన్నె పెట్టుకున్నారు.

"రా... రా... ఇంకొంచెం... చాలు! ఎక్కువైంది, వెనక్కి పో. ఒరేయ్, వెనక్కంటే తెనాలి దాకా కాదు!"

ఫ్రిజ్‌ని చాలాసేపు చల్లారనిచ్చి మళ్లీ వెలిగించారు. సాయంత్రానికి లోపలి అల్యూమినియం రెక్కలు వేలికి చల్లగా తగిలాయి. తెల్లారేసరికి 39. చల్లబరచడానికి లోపల మిగిలింది చేపల పులుసు, గోంగూర మాత్రమే. వాటికి ముందు నుంచీ ఏ లోటూ లేదు. పులుసైతే మూడోనాటికి ఇంకా రుచిగా ఉంది.

దోసెలు మాత్రం క్యాంప్‌గ్రౌండంతా పంచాం. పక్క పెద్దాయన ఆవకాయ వేసుకుని తిని, కళ్లు తుడుచుకుని, ఇంకోటి అడిగాడు. అసలు సంగతి ఆయన ద్వారా నలుగురికీ పాకింది. ఆ సాయంత్రం ఎదుటి వరసలోంచి ఒకావిడ వచ్చి, తమ ఫ్రిజ్ కూడా సరిగ్గా చల్లబడటం లేదని, చీరకట్టుకున్న పెద్దావిడ ఒకసారి వచ్చి చూస్తారా అని అడిగింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు.

అత్తయ్యగారు కొంగు దోపి బయల్దేరారు. వెనకాల రెండు చేతులతో నీళ్లగిన్నె పట్టుకుని బావ.

"తొణక్కుండా పట్టుకోరా. అడిగితే నేను చెప్తాను, నువ్వు మాత్రం ఐన్‌స్టీన్ ఊసెత్తకు."