పరికరం ముందు కాదు, సీసా ముందు
పర్యావరణ ఆరోగ్యం విద్యార్థుల ప్రాజెక్టులు తేలిపోవడానికి ల్యాబులో ఖరీదైన పరికరాలు లేకపోవడమే కారణమన్నారు ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో. నేను ఒప్పుకోను. చాలా ప్రాజెక్టులు సీసా దగ్గరే చెడిపోతాయి. కుప్పం వైపు బోరు నీళ్లు ఫ్లోరైడ్‌కి తెస్తే ప్లాస్టిక్ సీసా కావాలి, గాజుది పనికిరాదు. బోరు ఐదారు నిమిషాలు ఆడించి, అదే నీళ్లతో సీసాని మూడుసార్లు తొలిచి నింపాలి. కుళాయి నీళ్లలో బాక్టీరియా చూడాలంటే మాత్రం తొలవకూడదు. తొలిస్తే క్లోరిన్‌ని విరిచేందుకు లోపల వేసిన సోడియం థయోసల్ఫేట్ కొట్టుకుపోతుంది, నీళ్లలో మిగిలిన క్లోరిన్ తిరుపతి ల్యాబుకి చేరేలోగా బాక్టీరియాని చంపేస్తుంది, ల్యాబులో సున్నా వస్తుంది. పిల్లలేమో నీళ్లు శుభ్రమని రాసేస్తారు! ఆ సీసాని ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబులో ఇవ్వాలి. ఇవన్నీ గైడు ఒక్క పూట వెంట వెళ్లి చూపిస్తే వచ్చేవే. ఇక రెండో దెబ్బ ఎథిక్స్ కమిటీ, అంటే మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే కమిటీ. బడిపిల్లల పళ్ల మీద ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే) మచ్చలు చూడాలంటే ముందే అనుమతి ఉండాలి, తల్లిదండ్రుల సంతకం తెలుగు పత్రం మీద తీసుకోవాలి, ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. ఆరు నెలల ప్రాజెక్టులో నాలుగో నెలలో దరఖాస్తు పెడితే ఏం లాభం? మొదటి వారంలోనే పెట్టించాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చినవాళ్లకి నెలకి 37,000 రూపాయలు అందుతుంది, పీజీ పిల్లలు మాత్రం బస్సు చార్జీలూ ఐసు ఖర్చూ సొంత జేబులోంచే పెడతారు. డిపార్టుమెంటుకి డబ్బులుంటే కొత్త మిషన్ కంటే ముందు ఈ ఖర్చులు ఇవ్వమనండి.