ఆషాఢంలో ఇల్లు మారకూడదట!

బెంగళూరు మారతహళ్లిలోని మా డబుల్ బెడ్రూమ్‌లో అద్దెకుండేది నంద్యాల వైపు కుటుంబం. మనవాళ్లే కదా అని, పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసినా కాగితం మాటెత్తలేదు. అమ్మ మోకాళ్ల వైద్యానికి అనంతపురం నుంచి వస్తోంది, ఇల్లు కావాలని సంక్రాంతికే చెప్పా. "అట్లనే అన్నా" అన్నాడు. తర్వాత పిల్లల పరీక్షలు. తర్వాత ఎండలు. ఆపైన, "ఆషాఢంలో ఇల్లు మారకూడదు కదన్నా!"

తెలిసినవాళ్లందరిదీ ఒకటే సలహా: కరెంటు పీకెయ్, తాళం మార్చెయ్. పొరపాటున కూడా ఆ పని చేయకండి. అలా గెంటేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల్లో దావా వేసి దర్జాగా మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు నాదే అని మొత్తుకున్నా ఆ దావాలో పనికిరాదు.

కర్ణాటక అద్దె చట్టం బెంగళూరులో నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు. (3,500కి ఇక్కడ ఇల్లెక్కడుందో చెబితే నేనే దిగుతా.) కాబట్టి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. నెలవారీ అద్దెకు సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు, అదీ రాతపూర్వకంగా. సంక్రాంతి నాటి నా నోటిమాట సున్నా. గడువు దాటాక ఫోన్‌పేలో పడే అద్దె నోరుమూసుకుని తీసుకుంటే, నోటీసు వదులుకున్నావని సెక్షన్ 113 చూపిస్తారట. "అద్దెగా కాదు, గడువు మీరి ఉన్నందుకు పరిహారంగా తీసుకుంటున్నా" అని మెసేజ్ పెట్టమన్నాడు లాయరు.

నోటీసు పంపా. అయినా కదల్లేదు. కోర్టుకెక్కే ముందు ఓసారి కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. అంతకుముందు వాళ్లున్న ఇంటి ఓనరు పెయింటింగు, రిపేర్లు అంటూ అడ్వాన్సులో సగం మింగాడట. నా దగ్గరున్న లక్షన్నర అడ్వాన్సు చేతికి రాకపోతే కొత్తింటికి అతను అడ్వాన్సు ఎక్కడి నుంచి తేవాలి? మాలాంటి ఓనర్లు తాళంచెవి ఇచ్చాకే డబ్బంటారు. అతనికేమో డబ్బు లేనిదే ఇంకో తాళంచెవి రాదు. ఖాళీ చేయనివాళ్లందరూ మొండివాళ్లని నేననను. అందులో సగం పాపం మన అడ్వాన్సు అలవాటుదే.

కొత్తింటి అగ్రిమెంటు చూపించమన్నా. ఖాళీ చేసే తేదీ రాయించుకుని, 75 వేలు నేరుగా ఆ ఓనరు ఖాతాకే వేశా. మిగతాది, సున్నం పేరుతో ఒక్క రూపాయి కోయకుండా, తాళంచెవి ఇచ్చిన పూటే.

ఆషాఢం ఇంకా పది రోజులుండగానే సామాను లారీ ఎక్కింది.