మహారాజశ్రీ క్లచ్ రిలీజ్ బేరింగ్ గారి దివ్యసముఖమునకు

కూకట్‌పల్లి నుంచి తమ మాజీ యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, తమరు కుశలంగా లేరు, తమ పుణ్యమా అని నా బ్యాంకు ఖాతా కూడా కుశలంగా లేదు. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను.

తమరు ప్రస్తుతం నా బల్ల మీద, మెకానిక్ బిల్లు ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా దాని మీద కూర్చుని ఉన్నారు. వేలితో తిప్పితే గరగరమని ఒక చుట్టు తిరిగి మొరాయిస్తున్నారు. గుప్పిట్లో పట్టేంత ఉంటారు. మా ఆవిడ తమరిని మొదటిసారి చూసి, "దీనికా అండీ ఇంత ఖర్చు? మిక్సీ జార్ కింద ఉండే కప్లర్ కంటే కాస్త పెద్దదంతేగా" అంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఆ తవ్విన కూలి ఎవరిచ్చారో సామెతలో చెప్పలేదు. నా విషయంలో నేనే ఇచ్చాను.

ఇది బహిరంగ లేఖ కాబట్టి చదివేవాళ్లకి తమ పుట్టింటి సంగతి కొంత చెప్పాలి. కారు మాజ్డా ఎమ్‌ఎక్స్-5. రెండే సీట్లు, గుడ్డ టాపు, మీట నొక్కితే బానెట్‌లోంచి కప్పకళ్లలా పైకి లేచే హెడ్‌లైట్లు. 1989లో షికాగో ఆటో షోలో లోకానికి మొదటిసారి చూపించారు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారని గిన్నిస్ వాళ్లు కూడా రాసుకున్నారు. ఆ లక్షల్లో ఒకటి, 1995 మోడల్, 1.8 లీటర్ల ఇంజనుది, లండన్ నుంచి తిరిగొచ్చిన ఒక డాక్టరు గారి సామాన్లతో పాటు హైదరాబాద్‌లో దిగింది. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ దాటే ఆ బిల్డింగు కంటే నా కారు మూడేళ్లు పెద్దది. కొన్నాళ్లకి డాక్టరు గారికి నడుము నొప్పి పట్టుకుంది. అంత కిందికి కూర్చోవడం కుదిరినా మళ్లీ పైకి లేవడం కుదరక నాకు అమ్మేశారు. "ఒరేయ్, ఇద్దరు కూర్చునే బండికి నలుగురి తిండి పెడుతున్నావు" అని మా అమ్మ ఆ రోజే అంది. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. నేను ఆ మూట విప్పలేదు.

ఇక తమరి సంగతి. నాలుగు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే అనంతగిరి కొండలెక్కి దిగుతుంటే సన్నగా ఈల వేశారు. క్లచ్ తొక్కితే ఈల, వదిలితే మౌనం. నేను పాటల సౌండు పెంచాను. నెల తిరిగేసరికి ఈల కాస్తా కారం మర అయింది. సౌండు ఇంకా పెంచాను. చివరికి జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన ఆటో ఆయన కిందికి వంగి, "అన్నా, బండిల ఏమన్న దంచుతున్నరా?" అని అడిగాక, ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఉస్తాద్ బానెట్ కూడా ఎత్తలేదు. సీట్లో కూర్చుని క్లచ్ రెండుసార్లు తొక్కి వదిలాడంతే. "తొక్కినప్పుడే మోగుతున్నది గద సార్. రిలీజ్ బేరింగే. గేర్‌బాక్స్ దించుడే, ఇంకో ముచ్చట లేదు."

అలా తమ పేరు మొదటిసారి విన్నాను. అయిదేళ్లుగా తమరి మీదే బతుకుతూ పేరు కూడా తెలుసుకోకపోవడం నా తప్పే. ఒకవైపు నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇంజను. మరోవైపు చచ్చినా తిరగని ఫోర్కు. నా కాలు పెడల్ మీద పడగానే ఆ ఫోర్కు తోస్తే తమరు వెళ్లి క్లచ్ ప్లేటుని ఇంజనుకి అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు మీదున్న స్ప్రింగు వేళ్లని నొక్కాలి. తిరిగేవాళ్లతో తిరుగుతూ, తిరగనివాళ్ల మాట మోస్తూ, ఇద్దరి మధ్యా నలగాలి. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి ఉద్యోగం. ఆవిడకైనా మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చే వీలుంటుంది. నేను కాలు తీస్తే తమరికీ విశ్రాంతే. నేను కాలు తీస్తే. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

సామాను కోసం రాణిగంజ్ వెళ్లాను. మాజ్డా అనగానే మొదటి కొట్టాయన మొహం వెలిగిపోయింది.

"స్వరాజ్ మాజ్డానా సార్? స్కూల్ బస్సా?"

"కాదండీ, స్పోర్ట్స్ కారు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "బస్సుదైతే ఇప్పుడే ఇస్త" అన్నాడు, బస్సు కొనుక్కున్నా నీకు ఇంత బాధ ఉండేది కాదన్నట్టు. స్వరాజ్ మాజ్డా పేరు 2011లోనే ఎస్‌ఎమ్‌ఎల్ ఇసుజుగా మారింది గానీ రాణిగంజ్‌లో పేర్లు అంత తేలిగ్గా చావవు. నాలుగు కొట్లు తిరిగాను, నాలుగింటిలోనూ బస్సే. ఆఖరికి జపాన్ నుంచి కిట్ తెప్పించాను. అందులోనూ తిరకాసు. ఇదే కారులో 1.6 ఇంజనుకి 200 మిల్లీమీటర్ల క్లచ్ ప్లేటు, 1.8కి 215. ఆర్డరు పెట్టే ముందు ఆ 15 మిల్లీమీటర్ల కోసం రాత్రి రెండింటికి లేచి మళ్లీ సరిచూసుకున్నాను. పిల్ల జాతకం కూడా అంత జాగ్రత్తగా చూపించలేదు.

తమ దర్శనం ఎంత దుర్లభమో దించేరోజు అర్థమైంది. తిరుపతి క్యూలో కంపార్ట్‌మెంట్ తర్వాత కంపార్ట్‌మెంట్ దాటినట్టు, ముందు కారు లోపల కన్సోల్ విప్పి, రబ్బరు తొడుగులు తీసి, గేరు రాడ్డు పీకాలి. కింద సైలెన్సర్ పైపు. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు. ఆ తర్వాత ఉస్తాద్ తన ముప్పై ఏళ్ల సర్వీసులో చూడని వస్తువొకటి ఎదురైంది. గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా వెన్నెముకలా సాగిన అల్యూమినియం ఫ్రేము. ఆయన టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఇదెందుకు పెట్టిండ్రు సార్?"

"కారు బిర్రుగా ఉండటానికట."

"బోల్టులు గూడ బిర్రుగనే ఉన్నయి."

సాయంత్రానికి గేర్‌బాక్స్ నేలకి దిగింది. తమ దర్శనమైంది. అక్కడితో కథ అయిపోవాలి. కానీ అప్పుడే ఉస్తాద్ నోట ఆ మహామంత్రం వెలువడింది: "ఎట్లైనా దించినం గద సార్."

ఈ నాలుగు మాటల ముందు ఏ మగాడూ నిలవలేడు. ఎలాగూ దించాం కదా, ప్లేటు మార్చేద్దాం. ప్లేటు మారుస్తూ ప్రెజర్ ప్లేటు పాతది ఉంచుతామా? రెండూ మారుస్తూ ఇంజను వెనక తిరిగే బరువు చక్రం, ఆ ఫ్లైవీలు నడుమ ఉన్న పైలట్ బేరింగ్‌ని వదిలేస్తామా? గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుని చూసుకోవడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి గుర్తొచ్చాడు. ఆయనా పాపం ప్రతిసారీ "ఎలాగూ" అనే అనుకుని ఉంటాడు.

పైలట్ బేరింగ్ తీసిన పద్ధతి మాత్రం చెప్పకుండా ఉండలేను. చిన్న గూట్లో బిగుసుకుని కూర్చుంది. పట్టుకుని లాగడానికి అంచు లేదు. ఉస్తాద్ ఛోటూని పిలిచి ఇరానీ హోటల్ నుంచి మూడు చాయ్, ఒక బన్ తెమ్మన్నాడు. ఆకలేస్తోందనుకున్నాను. ఆయన బన్ తుంచి, బేరింగ్ మధ్య ఉన్న బెజ్జంలోకి వేలితో కుక్కడం మొదలుపెట్టాడు. నిండాక ఆ బెజ్జానికి సరిగ్గా పట్టేలా టేపు చుట్టిన రాడ్డు పెట్టి సుత్తితో కొట్టాడు. మళ్లీ బన్, మళ్లీ దెబ్బ. రొట్టెకి ముందుకి వచ్చే దారి లేదు, వెనక్కి పోయే దారి లేదు. అది పోయి పోయి బేరింగ్‌ని వీపు మీద తన్నింది. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో బేరింగ్ నెమ్మదిగా బయటికి జరిగి, బన్ ముద్దతో సహా ఛోటూ అరచేతిలో పడింది. వాడు ఒకసారి దాన్ని, ఒకసారి తన చాయ్‌ని చూసుకున్నాడు. ఈ నగరంలో బన్‌కి మస్కా కాక ఇంకో ఉపయోగం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గూటి పక్కన నూనె తడి కనపడింది. అంటే ఇంజను వెనక ఆయిల్ సీలు. సీలు మార్చాలంటే ఫ్లైవీలు ఊడదీయాలి. ఎట్లైనా ఊడదీసినం గద సార్, లేత్ మీద పెట్టి ఫేసింగ్ చేయిద్దాం. గేరాయిల్ ఎలాగూ పోయింది, కొత్తది రెండు లీటర్లు. క్లచ్ సిలిండర్ రబ్బర్లు ఎలాగూ పాతవే. అన్నిటికీ తలూపాను. ఆఖరున ఉస్తాద్ గేర్‌బాక్స్ ముందు షాఫ్టుని చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి, "లోపల గీ బేరింగ్ గూడ జర గరగరమంటున్నది. ఇప్పుదమా?" అన్నాడు. సరిగ్గా అక్కడ, అప్పటిదాకా గుర్రుపెట్టి నిద్రపోతున్న నా పొదుపు మేలుకుంది. "అదొక్కటీ వద్దు ఉస్తాద్, మళ్లీ చూద్దాం" అన్నాను, గట్టిగా. ఆ రోజంతటికీ నేను మగాడిలా మాట్లాడింది ఆ ఒక్క మాటే.

బిల్లు 64,300. విడిగా కొంటే తమ ధర రెండు వేల చిల్లర.

ఇంతవరకూ తప్పంతా తమదేనని నిరూపించే ఉద్దేశంతోనే ఈ లేఖ మొదలుపెట్టాను. కానీ డబ్బులిచ్చే ముందు ఉస్తాద్ పాత ప్రెజర్ ప్లేటు చేతికిచ్చాడు. దాని స్ప్రింగు వేళ్ల కొసలు అరిగి, వెండి గిన్నె అంచుల్లా మెరుస్తున్నాయి.

"కాలు పెడల్ మీదనే పెట్టి నడుపుతరా సార్?"

"ఛ, లేదు."

ఆయన వాదించలేదు. తలుపు తీసి, లోపలికి వంగి టార్చి వేశాడు. బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా చక్కగా ఉన్నాయి. క్లచ్ పెడల్ రబ్బరు గీత లేకుండా నున్నగా, గుండులా ఉంది. పక్కన ఎడమ కాలు పెట్టుకునే చోట కార్పెట్ మాత్రం డాక్టరు గారి కాలం నాటి నీలం రంగు చెక్కు చెదరకుండా ఉంది. అయిదేళ్లలో నా చెప్పు ఆ చోట మట్టి అంటించలేదు. ఉస్తాద్ టార్చి ఆర్పేసి, ఏమీ అనకుండా చిల్లర లెక్కపెట్టాడు.

తమరు పడ్డ పాటు నాకు ఆ వెలుగులో కనపడింది. జేఎన్టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా, సిగ్నల్‌లోనూ, ఫ్లైఓవర్ మీదా, ఖాళీ రోడ్డు మీద కూడా నా ఎడమ కాలి బరువు తమ నెత్తి మీదే ఉంది. ఈల వేసినప్పుడు తమరు ఈల వేయలేదు, మొరపెట్టుకున్నారు. నేను పాటల సౌండు పెంచాను.

కాబట్టి క్షమాపణలు. కొత్తగా తమ స్థానంలో చేరిన వారికి ఆ కష్టం రానివ్వనని, ఇకమీదట నా ఎడమ కాలు కార్పెట్ మీదే ఉంటుందని తమరి మీద, అంటే ఈ బిల్లు మీద ఒట్టేసి చెబుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: ఈ లేఖ నిన్ననే పోస్టు చేయాల్సింది. సాయంత్రం పంజాగుట్ట సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి, మాట ప్రకారం కాలు కార్పెట్ మీద పెట్టుకుని కూర్చున్నాను. గేర్‌బాక్స్ లోపల్నుంచి సన్నగా ఒక మోత వినపడింది. క్లచ్ తొక్కాను, ఆగిపోయింది. వదిలాను, మళ్లీ మొదలైంది. ఉస్తాద్‌కి ఫోన్ చేస్తే మొత్తం విని, "నేను అడిగిన గద సార్, ఇప్పుదమా అని" అన్నాడు. మళ్లీ దించుడేనట.

ప్రస్తుతానికైతే మోత వినపడకుండా కాలు పెడల్ మీదే పెట్టి నడుపుతున్నాను.