మీదేంటి?

వార్డులో చేరగానే మనిషికి పేరు పోయి మంచం నంబరు మిగులుతుంది. నేను ఆరు. పక్కాయన ఏడు. తొలి పరిచయంలో ఆయన నా పేరు అడగలేదు. "మీదేంటి?" అన్నాడు.

"తొడ ఎముకండి."

"అంతేనా!" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయనది క్లోమం. అదీ రెండోసారి.

ఇంత పకడ్బందీ సమాజాన్ని మేధావులు పట్టించుకోకపోవడం విచారకరం. ఇక్కడ హోదా ముందు రోగాన్ని బట్టి, తర్వాత రోజుల్ని బట్టి. నెల దాటినవాడు ఫ్యాను వేగం నిర్ణయిస్తాడు, వారం లోపువాడు దుప్పటి కప్పుకుంటాడు. కిటికీ పక్క మంచమైతే సింహాసనమే. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తిరగేసి, కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు ఇటుక గోడ కనబడినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారని తేల్చాడు. మా కిటికీ ఏలుతున్న పదకొండు మాత్రం నలభై రోజులైనా కదల్లేదు. చెట్టు బాగుండబట్టే కదలడం లేదని మా అనుమానం.

ఇక క్రీడలు. సెలైన్ పందెం సామాన్యమైంది కాదు. ఇరవై చుక్కలకో మిల్లీలీటరు పడే సెట్టులో, నిమిషానికి ఇరవై చుక్కల చొప్పున అరలీటరు సీసా ఖాళీ అవడానికి 8 గంటల 20 నిమిషాలు. ఓ రోజు ఏడో నంబరు సీసా ముందంజలో ఉండగా, నా చెయ్యి దానంతటదే ట్యూబు మీద చుక్కల వేగం మార్చే చిన్న చక్రం వైపు వెళ్లింది.

"ఆరో నంబరు! చెయ్యి తియ్యండి." సిస్టర్ కేస్‌షీట్‌లోంచి తలైనా ఎత్తలేదు. పందెం రద్దు.

నవ్వుకీ నియమాలున్నాయి. తొమ్మిదో నంబరుకి పొట్ట మీద కుట్లు పచ్చివి, దిండు అదుముకుని గానీ నవ్వకూడదు. అందుకని జోకుకు ముందు "దిండు!" అని హెచ్చరించడం వార్డు మర్యాద. ఆయన దిండు పట్టుకుని సిద్ధమయ్యాక మేం జోకే చెప్పం. ఆ నిశ్శబ్దానికే గిలగిల్లాడి నవ్వుతాడు. (చూడ్డానికొచ్చేవాళ్లకి ఇది అర్థం కాదు. వాళ్లు గంభీరంగా కూర్చుని, తమకు తెలిసి ఇదే జబ్బుతో పోయినవాళ్ల సంగతులు చెబుతారు.)

ఇన్ని సుగుణాల వ్యవస్థను కూలదోసేది ఒక్కటే, డిశ్చార్జి. నెల ముందు నోటీసివ్వాలన్నది నా డిమాండు. ఏడో నంబరు పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే, ఈయనెవరో అనుకున్నాను. ఆయనకో పేరు కూడా ఉందట, బిల్లు మీద చూశాం.

మధ్యాహ్నానికే ఆ మంచం నిండింది.

"మీదేంటి?" అన్నాను.

"అపెండిక్స్ అండి."

"అంతేనా!" అని అటు తిరగబోయాను. బరువులు కట్టిన కాలు తిరగనివ్వలేదు.